గురువు వెళ్ళిపోయిన తరువాత: లైమన్ జూయెట్ జీవితం

మన సరిహద్దు గ్రామాలలో పెరంబూరు పేరు వినని ఇల్లు అరుదు. 1856లో మద్రాసు రైల్వే వారు అక్కడ కర్మాగారం నెలకొల్పారు. 1876లో బకింగ్‌హాం మిల్లు వచ్చింది. 1955లో రైలుపెట్టెల కర్మాగారం ప్రారంభమైంది. ఒక్కొక్క కర్మాగారం వెలసిన కొద్దీ తెలుగు పల్లెలనుండి కూలికి, కొలువుకు ఆ దిక్కు వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. వెళ్ళినవారు తమ భాషను, పండుగలను, దైవభక్తిని కూడ వెంట తీసుకొని వెళ్ళారు. క్రైస్తవ కుటుంబాలవారు తాము పల్లెలో నేర్చిన ప్రార్థనను పట్నపు ఇరుకు గదులలో కొనసాగించారు.

అయితే ప్రార్థన నేర్పినవారు ఎల్లకాలమూ మనతో ఉండరు. చేయి పట్టుకొని వాక్యం చదివించిన పాస్టరుగారో, సంఘ పెద్దయో, వేకువజామున లేపి మోకాళ్ళూనించిన అవ్వయో ఒకనాడు కన్నుమూస్తారు. ఊరినుండి ఆ కబురు వచ్చిన రోజున, ఇకమీదట తన విశ్వాసానికి ఆధారమెవరు అనే ప్రశ్న ఎంతటివానికైనా కలుగుతుంది. ఈ ప్రశ్నను జీవితమంతా ఎదుర్కొన్న ఒక మనిషి కథ మన ప్రాంతపు చరిత్రలోనే ఉంది. ఆయన మొదట గురువును కోల్పోయిన శిష్యుడు. తరువాత శిష్యులను విడిచి వెళ్ళవలసి వచ్చిన గురువు. ఆయన పేరు లైమన్ జూయెట్. ఒంగోలు ప్రార్థన కొండ పేరు విన్నవారందరికీ ఆయన పేరు పరిచితమే.

డే దొర వేసిన విత్తనం

జూయెట్ కథ ఆయన రాకకు ముందే మొదలవుతుంది. కెనడాలో పుట్టిన శామ్యూల్ డే అనే మిషనరీ 1836లో తెలుగుదేశానికి వచ్చారు. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలలో కొంతకాలం గడిపి, 1837లో మద్రాసు చేరారు. మద్రాసులో తెలుగువారు ఉన్నప్పటికీ, తెలుగు పల్లెల నడుమ ఉండి పని చేయాలని ఆయన కోరిక. అందుచేత 1840లో నెల్లూరుకు తరలివచ్చారు. అదే సంవత్సరం పెన్నానదిలో తొలి తెలుగు విశ్వాసికి బాప్తిస్మం జరిగింది. ఆ తరువాత ఏళ్ళు గడిచినా సంఘం చేతి వేళ్ళ మీద లెక్కపెట్టదగినంతగానే ఉంది. ఎండలకు, జ్వరాలకు డే ఆరోగ్యం పాడైంది. 1846లో ఆయన అమెరికాకు వెళ్ళిపోవలసి వచ్చింది.

ఇంత తక్కువ ఫలితానికి ఇంత ఖర్చు తగునా అని అమెరికాలోని బాప్టిస్టు మిషను పెద్దలు ఆలోచనలో పడ్డారు. నెల్లూరు పనిని మూసివేయాలన్న మాట గట్టిగానే వినిపించింది. డే దొర మాత్రం ఊరుకోలేదు. తెలుగువారిని విడువవద్దని ప్రాధేయపడ్డారు. చివరకు పనిని కొనసాగించడానికి, ఆయనకు తోడుగా మరొకరిని పంపడానికి నిర్ణయం జరిగింది. అలా వచ్చినవారే జూయెట్.

లైమన్ జూయెట్ 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జన్మించారు. కళాశాల చదువు, వేదాంత విద్య ముగించేసరికి ఆయనకు ముప్పది దాటాయి. 1848 అక్టోబరులో భార్యతోను, డే దొరతోను కలిసి ఓడ ఎక్కి, 1849 ఏప్రిల్‌లో నెల్లూరు చేరారు. తెలుగు నేర్చుకోవడంలో ఆయన చూపిన పట్టుదల గొప్పది. ఏడాది తిరగకుండానే తెలుగులో బోధించగలిగారు. పల్లెలకు ఎట్లా వెళ్ళాలో, మాట వినని చోట ఎట్లా ఓర్చుకోవాలో డే దొర ప్రక్కనే ఉండి నేర్చుకున్నారు.

ఆ సాహచర్యం నాలుగేళ్ళకు మించలేదు. డే ఆరోగ్యం మరల దెబ్బతిన్నది. 1853లో ఆయన తుదిసారిగా భారతదేశాన్ని విడిచి వెళ్ళారు. నెల్లూరులో జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు మిగిలారు.

ఒంటరి నక్షత్రం

గురువు వెళ్ళిపోయిన ఆ సంవత్సరమే మరొక పరీక్ష వచ్చింది. అమెరికానుండి మిషను ప్రతినిధులు వచ్చి నెల్లూరు పనిని పరిశీలించారు. పదిహేడేళ్ళ శ్రమకు చూపగలిగిన ఫలితం స్వల్పం. పనిని విడిచి బర్మాకు వెళ్ళడం మేలేమోనన్న ఆలోచన వచ్చింది. బర్మాలో అదే మిషను వారి కృషికి సంఘాలు వేగంగా పెరుగుతున్నాయి. జూయెట్ అందుకు ఒప్పుకోలేదు. ఎవరు తోడున్నా లేకున్నా తాను ఇక్కడే ఉంటానని నిశ్చయించుకున్నారు.

1853లో ఆల్బనీ నగరంలో జరిగిన మిషను మహాసభలో ఈ విషయం చర్చకు వచ్చింది. అక్కడి పటంలో మిషను కేంద్రాలను నక్షత్రాలుగా గుర్తించారు. బర్మా వైపు నక్షత్రాలు వరుసగా ఉండగా, బంగాళాఖాతానికి ఇవతల నెల్లూరు ఒక్కటే నక్షత్రంగా కనిపించింది. ఆ ఒంటరి నక్షత్రం మీద శామ్యూల్ స్మిత్ అనే కవి ఒక్క రాత్రిలో పద్యం రాశారని, మరునాడు దానిని చదివినప్పుడు సభ కదిలిపోయిందని చరిత్రకారులు చెబుతారు. నెల్లూరు పని నిలిచింది. నాటినుండి తెలుగు మిషనుకు ఒంటరి నక్షత్రమనే పేరు స్థిరపడింది.

పద్యం సభను కదిలించి ఉండవచ్చు. కాని ఆ సభ తీర్మానం ఓడమీద నెల్లూరు చేరేలోగా, ఇక్కడ ప్రతి ఉదయం లేచి పల్లెలకు నడిచి వెళ్ళవలసినవారు జూయెట్, ఆయన తోటి తెలుగు విశ్వాసులే. ఎవరైనా మెచ్చుకుంటారని గాని, ఫలం వెంటనే దొరుకుతుందని గాని వారు నిలబడలేదు. గురువు మొదలుపెట్టిన పనిని గురువు లేనప్పుడు చేయడమే వారి విశ్వాసానికి ఆహారమైంది.

కొండ మీద అయిదుగురు

1853 చివర జూయెట్ దంపతులు నెల్లూరునుండి ఉత్తరంగా ప్రయాణించి ఒంగోలు చేరారు. వారితో క్రిస్టియన్ నరసు అనే బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు ఉన్నారు. పట్టణంలో వారికి ఆదరణ లభించలేదు. బోధించబోయిన వీధులలో ఎగతాళి, ఎదిరింపు ఎదురయ్యాయి.

1854 జనవరి 1వ తేదీ, తెల్లవారకముందే ఆ అయిదుగురూ ఒంగోలు ప్రక్కనున్న కొండ ఎక్కారు. ఎదుట చీకటిలో పట్టణం, దాని చుట్టూ పల్లెలు. ఒకరి తరువాత ఒకరు ప్రార్థించారు. ఒంగోలుకు ఒక సేవకుడిని పంపమని వారు వేడుకున్నారు. సూర్యుడు ఉదయించే వేళకు జూయెట్ క్రింద కనిపించే ఒక స్థలాన్ని చూపి, మిషను బంగళా అక్కడ కట్టుకుంటే బాగుండునని తన కోరిక వెల్లడించారని ఆ నాటి కథనాలు చెబుతున్నాయి.

ఆ కొండమీద జరిగినదానిలో ఒక విశేషం ఉంది. దొర ఒక్కరే ప్రార్థించి, మిగిలినవారు వినలేదు. తెలుగు బోధకుడు, తెలుగు స్త్రీలు, అందరూ తమ నోటితో తామే అడిగారు. ఆ కాలంలో స్త్రీలు నలుగురిలో గొంతు విప్పడమే అరుదు. ప్రార్థనను గురువు నోటినుండి విని ఊరుకోక, తమ నోటికి తెచ్చుకున్నవారు గురువు దూరమైనా మూగవారు కారు.

ప్రార్థన ముగిసింది. కొండ దిగారు. మరునాడు ఏమీ మారలేదు. ఆ ఏడాది గాని, ఆ తరువాతి ఏళ్ళలో గాని ఒంగోలుకు ఎవరూ రాలేదు. అడిగినదానికి జవాబు పన్నెండేళ్ళ తరువాత వచ్చింది.

గురువు లేని మూడేళ్ళు

1855లో ఫ్రాన్సిస్ డగ్లస్ అనే మిషనరీ నెల్లూరు వచ్చి జూయెట్‌కు తోడైనారు. 1861లో కనకయ్య అనే తెలుగు విశ్వాసిని పాస్టరుగా అభిషేకించారు. బయటినుండి వచ్చినవారి మీదనే సంఘం ఆధారపడే స్థితి మారడానికి ఇది తొలి మెట్టు.

ఆ మెట్టు ఎంత అవసరమైనదో మరుసటి సంవత్సరమే తెలిసింది. 1862లో జూయెట్ ఆరోగ్యం చెడి అమెరికాకు వెళ్ళారు. ఒకనాడు డే దొరకు పట్టిన గతే ఆయనకూ పట్టింది. అయితే ఈసారి వెనుక మిగిలినవారు పూర్తిగా దిక్కులేనివారు కారు. డగ్లస్ నెల్లూరులో ఉన్నారు, సంఘానికి తెలుగు పాస్టరు ఉన్నారు. ఆరాధన ఆగలేదు.

అమెరికాలో మాత్రం పాత ప్రశ్నే మూడోసారి లేచింది. తెలుగు మిషనును మూసివేయాలా అన్న చర్చ వచ్చింది. అప్పటికి జూయెట్‌కు ఏబదేళ్ళు. రోగంతో ఇంటికి చేరిన మనిషి. అయినా తనను పంపినా పంపకున్నా నెల్లూరుకు తిరిగి వెళ్ళి, అక్కడే ప్రాణం విడుస్తానని ఆయన పట్టుపట్టారు. వృద్ధాప్యానికి చేరువైన మనిషిని ఒంటరిగా పంపలేక, ఆయనతో ఒక యువకుడిని జతచేశారు. ఆ యువకుడే జాన్ ఎవరెట్ క్లౌ. 1865లో ఇరువురూ నెల్లూరు చేరారు. 1866లో క్లౌ ఒంగోలులో స్థిరపడ్డారు. కొండమీది ప్రార్థనకు జవాబు ఆ విధంగా లభించింది.

యెర్రగుంట్ల పేరయ్య

క్లౌ ఒంగోలు చేరకముందే మరొక మేలు జరిగింది. ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ళ దూరానగల ఒక పల్లెలో యెర్రగుంట్ల పేరయ్య అనే తోలు వర్తకుడు ఉండేవారు. మాదిగ కులంలో పుట్టినవారు. సత్యాన్వేషణలో గురువుల వద్ద శిష్యరికం చేసి, యోగమార్గాన్ని అభ్యసించినవారు. వర్తకం మీద ఉత్తరానికి వెళ్ళినప్పుడు ఏలూరు ప్రాంతంలో క్రీస్తు మాట ఆయన చెవిన పడింది. తరువాత ఒంగోలు వచ్చి, 1866లో జూయెట్ చేతులమీదుగా భార్యతో సహా బాప్తిస్మం పొందారు.

పేరయ్య తమ పల్లెకు రమ్మని పిలిచారు. క్లౌకు అప్పటికి తెలుగు చాలినంత రాదు. భాష నేర్చుకొని వస్తానని మాట ఇచ్చారు. జూయెట్ నెల్లూరులో ఉన్నారు. పేరయ్య దంపతులు ఇంటికి తిరిగి వెళ్ళారు. ఆ పల్లెలో వారికి పాస్టరు లేరు, గుడి లేదు, విశ్వాసంలో పెద్దవారు లేరు. బాప్తిస్మమిచ్చిన గురువు ఎన్నో రోజుల ప్రయాణమంత దూరంలో ఉన్నారు.

మరి పేరయ్య ఏమి చేశారు? తనకు తెలిసినంత మేరకు ఇతరులకు చెప్పనారంభించారు. వర్తకం మీద తిరిగే దారులలోనే బంధువులకు, పరిచయస్తులకు చెప్పారు. 1867 జనవరిలో క్లౌ ఆ ప్రాంతానికి వెళ్ళి చూస్తే, బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నవారు ఎందరో కనిపించారు. ఆ యాత్రలో 28 మంది బాప్తిస్మం పొందారు. అదే జనవరి 1వ తేదీన, అనగా కొండమీది ప్రార్థన జరిగి సరిగ్గా పదమూడేళ్ళు నిండిన రోజున, ఒంగోలులో ఎనిమిదిమందితో సంఘం ఏర్పడింది. ఆ చిన్న సంఘంకంటె పేరయ్య పల్లెలలో సిద్ధపడినవారే ఎక్కువమంది.

గురువు దగ్గర లేని ఆ నెలలలో పేరయ్య విశ్వాసం తగ్గలేదు, పెరిగింది. తనకు అందినది తన వద్దనే దాచుకోక పంచిపెట్టినందున అది పెరిగింది. నూతిలో నీరు తోడేకొద్దీ ఊరుతుందన్నది మన పల్లెలవారికి తెలిసిన సంగతే.

గుండ్లకమ్మ ఒడ్డున

1876నుండి 1878వరకు దక్షిణ దేశాన్ని ఘోరమైన కరువు పీడించింది. కూలి లేదు, గింజ లేదు. ఆ సమయంలో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ పనిని చేపట్టింది. మన పులికాటు మీదుగా మద్రాసుకు సాగే ఆ కాలువలోనే తరువాతి కాలంలో కట్టెలు, ఉప్పు, ధాన్యం నింపిన పడవలు నడిచేవి. కాలువలో మూడు మైళ్ళకు పైబడిన భాగాన్ని త్రవ్వించే కాంట్రాక్టును క్లౌ తీసుకొని, ఆకలితో ఉన్న వేలాదిమందికి కూలి కల్పించారు. ఆయన బోధకులే మేస్త్రీలై పని చూశారు. సాయంత్రాలలో అలసిన కూలీలకు వాక్యం చెప్పేవారు.

కరువు సాగినంతకాలం, ఇంచుమించు పదిహేను మాసాలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన నియమం. కరువు తగ్గి, కూలిపని ముగిసి, ఇచ్చేందుకు ఏమీ మిగలని తరువాతనే వారిని చేర్చుకున్నారు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి వద్ద, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది ముగిసేసరికి వారి సంఖ్య తొమ్మిదివేలు దాటింది.

ఆ రోజున క్లౌ తానుగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలిచి, ఉదయంనుండి సాయంత్రంవరకు, మధ్యాహ్నం కొంత విరామంతో ఆ పని నిర్వహించారు. దొర ఒడ్డున ఉండి చూశారు. శిష్యుడు ముందుకు రావడానికి గురువు తాను వెనుకకు జరగడం కూడ గురుత్వంలో భాగమే. 1872లో రామాయపట్నంలో బోధకుల శిక్షణకు వేదాంత పాఠశాల నెలకొల్పినది ఇటువంటి అవసరాన్ని గుర్తించినందుననే.

శామ్యూల్ డే ఈ దినాన్ని చూడలేదు. 1871లో ఆయన అమెరికాలో కన్నుమూశారు. ఒంగోలు సంఘం పెరగనారంభించిన తొలి సంవత్సరాలవరకు మాత్రం ఆయన జీవించి ఉన్నారు.

మద్రాసులో తెలుగు స్వరం

ఒంగోలు పేరు దేశదేశాలకు ప్రాకిన అదే 1878లో, జూయెట్ మద్రాసుకు మారారు. అప్పటికి ఆయనకు అరువదియైదేళ్ళు. తాను పాతికేళ్ళపాటు ప్రార్థించిన పంటపొలంలో కోత మొదలైన వేళ, కోతను చిన్నవారికి విడిచి, విత్తనం పడని మరొక చోటికి వెళ్ళారు. నలభై ఏళ్ళ క్రితం డే దొర విడిచి వచ్చిన మద్రాసులో తెలుగువారి కోసం పని ఆ విధంగా మరల ప్రారంభమైంది.

మద్రాసులో అప్పటికే తెలుగువారు వేలసంఖ్యలో ఉన్నారు. రేవులో, రైల్వేలో, మిల్లులలో, ఇండ్లలో పని చేసుకొనే శ్రామికులు అనేకులు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. రాయపురం, పెరంబూరు మొదలైన ప్రాంతాలలో తెలుగు బాప్టిస్టు సేవ వేరూనింది. బోధనతోపాటు తెలుగు బైబిలు సవరణ పనిలో కూడ జూయెట్ పాలుపంచుకున్నారు. మనిషి వెళ్ళిపోయినా పుస్తకం మిగులుతుందని, గురువు నోరు మూతపడినా చదవనేర్చినవానికి వాక్యం మూతపడదని ఆయనకు బాగా తెలుసు.

1881లో నార్మన్ వాటర్బరీ అనే యువ మిషనరీ భార్య లూసీతో మద్రాసు చేరారు. వృద్ధుడైన జూయెట్‌కు చేదోడుగా వచ్చిన ఆ యువకుడు 1886లో మద్రాసులోనే మరణించారు. పాతికేళ్ళ వయసులో, చిన్నపిల్లలతో లూసీ స్వదేశం చేరారు. ఆమె విశ్వాసం అక్కడితో ముగియలేదు. స్త్రీల మిషను సంఘంలో కార్యదర్శిగా పని చేశారు. తరువాత మరల వివాహమై లూసీ పీబాడీగా పేరుపొందారు. 1920 దశకంలో ఆసియాలోని మహిళా కళాశాలలకోసం భారీగా విరాళాలు సేకరించినవారిలో ఆమె ముఖ్యురాలు. మద్రాసులోని మహిళా క్రైస్తవ కళాశాలకు, వెల్లూరులో ఐడా స్కడర్ స్థాపించిన మహిళా వైద్య పాఠశాలకు ఆ సహాయం అందింది. మన చిత్తూరు సరిహద్దు గ్రామాలవారు జబ్బుచేస్తే వెల్లూరు ఆసుపత్రికి వెళ్ళడం అలవాటు. ఆ వైద్య విద్యాలయం ఎదుగుదలలో, మద్రాసు తెలుగువారి నడుమ భర్తను పోగొట్టుకున్న ఒక యువతి కృషి కూడ ఉందని తెలిసినవారు తక్కువ.

జూయెట్ చివరకు స్వదేశానికి వెళ్ళి, 1897 జనవరిలో కన్నుమూశారు. నెల్లూరులో ప్రాణం విడవాలన్న కోరిక తీరలేదు. ఒంగోలులో జూయెట్ స్మారక బాప్టిస్టు దేవాలయం ఆయన పేరు నిలుపుకున్నది. ఆయన మోకాళ్ళూనిన కొండకు ప్రార్థన కొండ అన్న పేరు మిగిలింది. క్లౌ కూడ 1910లో వెళ్ళిపోయారు. విదేశీ దొరలు ఒక్కొక్కరే నిష్క్రమించిన తరువాత, 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాలు సమావేశంగా ఏర్పడి తమ పాలనను తామే చేపట్టాయి.

మనకు మిగిలిన పని

ఈ కథను వెనుదిరిగి చూస్తే, ప్రతి మలుపులోనూ ఒక ఎడబాటు ఉంది. డే వెళ్ళారు, జూయెట్ నిలిచారు. జూయెట్ వెళ్ళారు, కనకయ్య, డగ్లస్ సంఘాన్ని కాచారు. గురువు దూరాన ఉండగా పేరయ్య తన పల్లెలను సిద్ధం చేశారు. భర్త పోయిన తరువాత లూసీ వేలమంది ఆడపిల్లల చదువుకు తోడ్పడ్డారు. వీరిలో ఎవరూ దుఃఖం లేనివారు కారు. గురువు స్థానంలో మరొక గురువు వచ్చేవరకు చేతులు ముడుచుకొని కూర్చున్నవారు మాత్రం కారు.

వారు చేసినది సామాన్యమైన పనే. గురువు నేర్పిన ప్రార్థనను తమ సొంత నోటితో చేశారు. గురువు చదివి వినిపించిన వాక్యాన్ని తామే తెరచి చదివారు. తమకు తెలిసినది కొంచెమైనా దానిని మరొకరికి చెప్పారు. ఒకరిద్దరైనా తోటివారితో కూడుకున్నారు. ఫలం కనబడని ఏళ్ళలో పనిని విడువలేదు.

ఈ సంవత్సరం మీ ఇంట ప్రార్థనకు ముందుండే పెద్దదిక్కు కన్నుమూసి ఉండవచ్చు. మీ పిల్లలు పెరంబూరులోనో, అంతకంటె దూరానో ఒంటరిగా ఆ కబురు విని ఉండవచ్చు. ఆ పెద్దలు కూర్చున్న చాప నేడు ఖాళీగా ఉండవచ్చు. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఆ చాప మీద ఇంట్లోని చిన్నవారిలో ఒకరిని కూర్చోబెట్టి, రెండు మాటలు ప్రార్థించమనండి. ఆ మాటలు తడబడవచ్చు. 1854 జనవరి 1వ తేదీన కొండ దిగివచ్చిన ఆ అయిదుగురికి కూడ తమ ప్రార్థన ఏ ఫలమిచ్చునో తెలియదు.